ఎండకు కొదవ లేదు, మరి ఆకు ఎక్కడ ఆగుతోంది?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర ఊరు. నేను నల్లగొండలో బీఎస్సీ చదువుతున్నాను. మాకు బత్తాయి తోట, కొంచెం పత్తి ఉన్నాయి. అంతా బోరు మీదే. మందుల షాపాయన మా నాయినకు ఒక సీసా చూపించి, ఇందులో ఎంజైమ్‌లు ఉన్నాయి, ఆకుల మీద కొడితే కిరణజన్య సంయోగక్రియ రెండింతలవుతుంది అని చెప్పాడట. మొక్క కార్బన్ తీసుకునే వేగాన్ని ఎంజైమే కట్టడి చేస్తుందని మా క్లాసులో కూడా చెప్పారు కాబట్టి నాకు నిజమే అనిపించింది. మా నాయినేమో, "మన దగ్గర ఎండకు కొదవ లేదు, గాలిల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుందని టీవీల చెప్తనే ఉన్నరు, ఇంకేం కావాలె చెట్టుకు?" అంటున్నాడు. ఇద్దరిలో ఎవరిది కరెక్ట్? సీసా కొనాలా? జొన్న, సజ్జలకు ఈ ఇబ్బంది లేదని ఎక్కడో చదివాను, అది నిజమేనా?

సమాధానం: అమ్మా, ముందు డబ్బు సంగతి చెప్తాను. ఆ సీసా కొనొద్దు. మీ క్లాసులో చెప్పింది నిజం, షాపాయన చెప్పింది నిజం కాదు. రెండింటిలోనూ ఎంజైమ్ అన్న మాట ఉండడంతో నీకు రెండూ ఒకటే అనిపించాయి. ఎంజైమ్ అంటే కణంలో ఒక రసాయన పనిని వేగంగా జరిపించే ప్రొటీన్. ఆకులో పని ఆగేది చాలావరకు ఎంజైమ్ దగ్గరే. కానీ ఆ ఎంజైమ్ బయటి నుంచి కొడితే లోపలికి పోయేది కాదు. ఎందుకో తెలియాలంటే దాని గురించి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి.

దాని పేరు రుబిస్కో. ఆకు కణాల్లోని హరితరేణువుల్లో ఉంటుంది. పత్రరంధ్రాల గుండా లోపలికొచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని, ఐదు కార్బన్లున్న ఒక చక్కెర అణువుకు అతికించేది ఇదే. అతికిన వెంటనే అది రెండు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కలో మూడు కార్బన్లు. బత్తాయి రసంలో తీపి, పత్తికాయలో దూది, వడ్ల గింజలో పిండి అన్నీ ఆ ముక్కల నుంచి వచ్చినవే. మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ రేడియోధార్మిక కార్బన్ సాయంతో ఈ దారినంతా వెతికి పట్టుకున్నారు. 1961లో నోబెల్ బహుమతి మాత్రం కాల్విన్ ఒక్కరికే ఇచ్చారు. బెన్సన్ చేసిన పనేమీ చిన్నది కాదు. పరీక్షలో రాసేటప్పుడు కాల్విన్-బెన్సన్ చక్రం అని రెండు పేర్లూ రాయి, అదే న్యాయం అని నా అభిప్రాయం.

ఇంత ముఖ్యమైన ఎంజైమ్ చాలా నిదానంగా పనిచేస్తుంది. రుబిస్కోలో పనిచేసే చోట్లు ఎనిమిది ఉంటాయి. ఒక్కో చోట సెకనుకు సుమారు మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులకు మించి అతకవు. అదే ఆకులో కార్బానిక్ యాన్‌హైడ్రేజ్ అని ఇంకో ఎంజైమ్ ఉంది, ఆ రకం ఎంజైమ్‌లు సెకనుకు పది లక్షల అణువుల దాకా మార్చగలవు. తేడా ఎంతో చూడు. వేగం లేని లోటును మొక్క సంఖ్యతో పూడ్చుకుంటుంది. వరి, పత్తి, బత్తాయి లాంటి మొక్కల ఆకుల్లో నీటిలో కరిగే ప్రొటీన్ మొత్తంలో సగం దాకా రుబిస్కోయే ఉండొచ్చు. ఆకులోని నత్రజనిలో దాదాపు పావు వంతు దీనికే పోతుంది. మీరు వేసే యూరియాలో మొక్క తీసుకున్న భాగం ఎక్కడికి పోతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

నిదానం ఒక్కటే అయితే బాగుండేది. రుబిస్కో పొరపాటు కూడా చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. అంటే కార్బన్ డయాక్సైడ్‌కు ఐదు వందల రెట్లు ఆక్సిజన్ ఉంది. ఆ గుంపులోంచి రుబిస్కో కార్బన్ డయాక్సైడ్‌నే ఎక్కువసార్లు ఏరుకుంటుందంటే దాని నేర్పును మెచ్చుకోవాలి. అయినా 25 డిగ్రీల దగ్గర సుమారు మూడు నాలుగు సార్లు సరిగ్గా పట్టుకుంటే ఒకసారి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అప్పుడు మొక్కకు పనికిరాని ఒక పదార్థం తయారవుతుంది. బాగుచేసుకోవడానికి మొక్క దాన్ని హరితరేణువు నుంచి కణంలోనే ఉండే వేరే భాగాలకు, ముందు పెరాక్సిసోమ్‌కు, అక్కడి నుంచి మైటోకాండ్రియాకు పంపి, మళ్లీ వెనక్కు తిప్పాలి. ఇట్లా తిప్పడంలో శక్తి ఖర్చవుతుంది, అప్పటికే పట్టిన కార్బన్‌లో కొంత మళ్లీ గాలిలోకి పోతుంది. కాంతి శ్వాసక్రియ అని మీ పుస్తకంలో ఉన్నది ఇదే. రుబిస్కో పుట్టిన కాలంలో గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు, కాబట్టి ఆ రెండింటినీ వేరుచేయాల్సిన అవసరం దానికి అప్పట్లో రాలేదు.

ఇప్పుడు మీ నాయిన మాట. వడ్లు కోసిన రోజుల్లో, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ ఎట్లుంటుందో నువ్వు చూసే ఉంటావు. ఎన్ని ట్రాక్టర్లు వచ్చినా, ఎన్ని కుప్పలు పోసినా, కాంటా ఒక్కటే అయితే రోజుకు తూగేది ఆ కాంటా తూచినంతే. మిట్టమధ్యాహ్నం బత్తాయి చెట్టు పై ఆకు మీద పడే ఎండ ట్రాక్టర్ల వరుస లాంటిది, రుబిస్కో ఆ కాంటా. మన పంటల్లో చాలావాటి ఆకులు పూర్తి ఎండలో పావు వంతు నుంచి సగం వరకు వెలుతురు అందేసరికే దాదాపు తమ గరిష్ఠ వేగానికి చేరతాయి. అంతకు మించిన వెలుతురును ఆకు వేడిగా మార్చి వదిలించుకోవాల్సిందే. కాబట్టి ఎండ ఎక్కువుందన్నది నిజమే అయినా, పై ఆకులకు ఆ ఎక్కువతో ఒరిగేది తక్కువ.

చెట్టు గుబురు లోపలి ఆకులకు మాత్రం లెక్క వేరు. అక్కడ వెలుతురే తక్కువ, రుబిస్కో పని కోసం ఎదురుచూస్తుంది. వానాకాలం ముసురు పట్టిన రోజుల్లో పై ఆకుల పరిస్థితీ అదే. అందుకే బత్తాయిలో ఎండుపుల్లలు, నీటికొమ్మలు తీసేసి లోపలికి వెలుతురు పోయేలా చేయమని చెప్తారు. 1980లో ఫార్కర్, వాన్ కెమరర్, బెర్రీ అనే శాస్త్రవేత్తలు ఈ రెండు పరిస్థితులనూ ఒక గణిత నమూనాలో పెట్టారు: వెలుతురు దండిగా ఉన్నప్పుడు వేగాన్ని నిర్ణయించేది రుబిస్కో, వెలుతురు తక్కువైనప్పుడు ఆ ఐదు కార్బన్ల చక్కెరను మళ్లీ తయారుచేసుకునే వేగం. తయారైన చక్కెరను కాయలు, వేర్లు లాక్కోకపోతే కూడా ఆకు వెనక్కి తగ్గుతుందన్నది తర్వాత చేర్చిన మూడో సంగతి. ప్రపంచమంతా పంటల మీద, వాతావరణం మీద లెక్కలు వేసేవాళ్లు ఇప్పటికీ ఆ నమూనానే వాడుతున్నారు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే "ఎంజైమే కట్టడి" అని ఒక్క ముక్కలో రాయకు. ఏ పరిస్థితిలో ఏది కట్టడి చేస్తుందో విడదీసి రాయి.

మన నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఇందులో అసలు పట్టించుకోవాల్సింది వేడి సంగతి. రుబిస్కో తనంతట తాను పనిలో ఉండదు. దాని పనిచేసే చోట్లలో కొన్ని చక్కెర అణువులు ఇరుక్కుపోతుంటాయి. వాటిని లాగేసి మళ్లీ పనికి సిద్ధం చేయడానికి రుబిస్కో యాక్టివేజ్ అనే ఇంకో ప్రొటీన్ ఉంది. రుబిస్కో వేడిని బాగానే ఓర్చుకుంటుంది. యాక్టివేజ్ ఓర్చుకోలేదు. అమెరికాలోని అరిజోనా ఎడారి ప్రాంతంలో పత్తి మీద చేసిన పరిశోధనల్లో, ఆకు వేడి 35 డిగ్రీలు దాటాక పనిలో ఉన్న రుబిస్కో తగ్గిపోతుందని, దానితోపాటే కార్బన్ తీసుకోవడమూ పడిపోతుందని తేలింది. ఎంజైమ్ ఆకులోనే ఉంటుంది, పనిచేసేది మాత్రం తగ్గుతుంది. పత్తి మనకు వానాకాలం పంట కాబట్టి కొంత గట్టెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండలో నిలబడే బత్తాయికి తప్పించుకునే దారి లేదు.

ఆ నెలల్లో మధ్యాహ్నం ఆకులో ఏం జరుగుతుందో వరసగా చూడు. వడగాలి పొడిగా ఉంటుంది. చెట్టు నీళ్లు పోగొట్టుకోకుండా పత్రరంధ్రాలు మూసుకుంటుంది. నిమ్మజాతి చెట్లు పొడిగాలికి తొందరగా ముడుచుకునే రకం. మూసుకుంటే లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, ఆక్సిజన్ మాత్రం అట్లనే ఉంటుంది, రుబిస్కో పొరపాట్లు పెరుగుతాయి. వేడెక్కిన కొద్దీ కార్బన్ డయాక్సైడ్‌ను ఏరుకునే నేర్పు కూడా తగ్గుతుంది. నీరు ఆవిరి కావడం ఆగింది కాబట్టి ఆకు చల్లబడే దారి కూడా మూసుకుపోతుంది, గాలి కంటే ఆకే ఎక్కువ వేడెక్కుతుంది. అప్పుడు యాక్టివేజ్ చేతులెత్తేస్తుంది. నీళ్ల దగ్గర మొదలైంది ఎంజైమ్ దాకా పోయింది. అందుకే ఎండాకాలంలో చెట్టుకు పనికొచ్చేది పొద్దున పూటే. ఆ కొద్ది గంటలు వేర్ల దగ్గర తడి ఉండాలి, పదింటికే ఆకులు ముడుచుకునేలా ఉండకూడదు.

సీసాకు పెట్టే డబ్బు ఇక్కడ పెట్టమని మీ నాయినతో చెప్పు. డ్రిప్ ఉంటే రాత్రి గానీ తెల్లవారుజామున గానీ కరెంటు ఉన్నప్పుడు ఇవ్వండి. పాదుల్లో వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఎండాకులు, ఏది దొరికితే అది మందంగా పరచండి. ఎర్ర చెల్క నేలలో తడి ఎంతసేపు నిలుస్తుందో మీకు తెలియంది కాదు. పూత కోసం నీళ్లు ఆపి బెట్ట పెట్టే అలవాటు మన దగ్గర ఉంది. అది అవసరమే, కానీ చెల్కలో బెట్ట తొందరగా ముదురుతుంది. ఆకు వాడి రాలేదాకా పోతే, పూతకు, పిందెకు తిండి పెట్టాల్సిన ఆకే చేతిలో ఉండదు. ఇంకో మాట. గ్రేప్‌ఫ్రూట్ అని పిలిచే పెద్ద కాయల నిమ్మజాతి చెట్ల మీద ఫ్లోరిడాలో తెల్లటి కెయోలిన్ మట్టి ద్రావణం పిచికారీ చేస్తే ఆకు వేడి తగ్గి, మధ్యాహ్నం కార్బన్ తీసుకోవడం పెరిగిందని చూశారు. ఎండను కొంచెం అడ్డుకుంటే చెట్టు ఎక్కువ పనిచేసింది! మీ నాయినకు ఈ ఒక్క ఉదాహరణ చెప్తే ఎండ గురించి నేను పైన రాసినదంతా అర్థమవుతుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది, అందులో అనుమానం లేదు. ఫ్యాక్టరీలు రాకముందు పది లక్షల పాళ్లలో 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఈ పెరుగుదల వల్ల రుబిస్కోకు మేలే, సరైన దాన్ని పట్టుకునే అవకాశం పెరుగుతుంది, పొరపాట్లు తగ్గుతాయి. జపాన్, చైనాల్లో పొలం మధ్యలోనే గొట్టాలు పెట్టి కార్బన్ డయాక్సైడ్ వదిలి వరి పండించి చూశారు. దిగుబడి పెరిగింది, కానీ గాలిలో అది పెరిగినంత నిష్పత్తిలో పెరగలేదు. కొన్నాళ్లకు ఆకు తనలోని రుబిస్కోను తగ్గించుకుంటుంది, నత్రజని చాలకపోతే ఇంకా తగ్గించుకుంటుంది. గింజలో ప్రొటీన్, జింక్ కూడా తగ్గాయి. ఇక కార్బన్ డయాక్సైడ్ ఒంటరిగా రాదు, వేడిని వెంటబెట్టుకుని వస్తుంది. మన జిల్లాల్లో ఆ వేడి చేసే నష్టం ముందు ఈ లాభం నిలుస్తుందని నేను అనుకోను.

ఎరువుల వైపు నుంచి చేయగలిగింది కొంత ఉంది. రుబిస్కో నత్రజనితో తయారవుతుంది, అది పనిచేసే స్థితిలోకి రావాలంటే మెగ్నీషియం కావాలి, పత్రహరితానికి కూడా మెగ్నీషియమే గుండెకాయ. పైన చెప్పిన కార్బానిక్ యాన్‌హైడ్రేజ్‌కు జింక్ కావాలి. బత్తాయిలో ముదురాకు పసుపుబారి, తొడిమ దగ్గర మాత్రం తిరగేసిన ఇంగ్లిష్ వి (V) ఆకారంలో పచ్చగా మిగిలితే అది మెగ్నీషియం లోపం. లేతాకులు చిన్నగా, సన్నగా వచ్చి ఆకు ఈనెల మధ్య పసుపు మచ్చలు కనిపిస్తే జింక్ లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో, ఉప్పు బోరు నీళ్లు పారే తోటల్లో జింక్ ఉన్నా వేరుకు అందదు. అప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్‌ను సున్నపు తేటతో కలిపి కొత్త చిగుళ్ల మీద కొట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మెగ్నీషియం, మాంగనీస్ కూడా అవసరమా లేదా అన్నది ఆకు పరీక్ష చేయించి తేల్చుకోండి. మీకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పాలమూరు వైపు రైతులకు పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. యూరియా మాత్రం కుమ్మరించొద్దు. చాలినంత రుబిస్కో తయారయ్యాక మిగిలిన నత్రజని లేత కొమ్మలకు, పురుగుకే తప్ప కాయకు పోదు.

ఇక సీసా ఎందుకు పనిచేయదో రెండు మాటలు. ఆకు మీద యూరియా కొడితే లోపలికి పోతుంది కదా, ఎంజైమ్ ఎందుకు పోదు అని మీ నాయిన అడగొచ్చు. యూరియా అణువు బరువు 60. రుబిస్కోది సుమారు 5,50,000. ఆకు మీది మైనపు పొర, కణం గోడ, కణం పొర, హరితరేణువు పొరలు దాటి అంత పెద్ద ప్రొటీన్ లోపలికి పోదు. దాన్ని తయారుచేయడమే గొప్ప కష్టం. దాని పెద్ద భాగాలు హరితరేణువులోనే తయారవుతాయి, చిన్న భాగాలకు సూచన కణకేంద్రకం నుంచి వస్తుంది, ఎనిమిది ఇవి, ఎనిమిది అవి, ఇంకొన్ని సహాయక ప్రొటీన్లు దగ్గరుండి కూర్చాలి. మొక్కల రుబిస్కోను మొక్క బయట, బ్యాక్టీరియాలో పనిచేసేలా తయారుచేయడం జర్మనీ పరిశోధకులకు 2017లో గానీ కుదరలేదు. షాపు అరల్లో మండుటెండలకు మగ్గే సీసాలో అది ఉంటుందని నమ్మడానికి వీల్లేదు. అలాంటి సీసాల్లో సముద్రపు నాచు రసమో, హ్యూమిక్ ఆమ్లమో, అమినో ఆమ్లాలో ఉండొచ్చు. వాటితో ఎంతో కొంత ఉపయోగం ఉండే సందర్భాలు ఉన్నాయి, రెండింతలన్న మాట మాత్రం అబద్ధం. 2021 నుంచి ఇలాంటి బయోస్టిమ్యులెంట్లను కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. కాబట్టి లోపల ఏముందో, ఎంతుందో లేబుల్ మీద అడిగే హక్కు మీకుంది, బిల్లు అడిగే హక్కూ ఉంది.

జొన్న సంగతి నువ్వు చదివింది నిజమే. జొన్న, సజ్జ, మొక్కజొన్న, కొర్ర, రాగి, చెరుకు ఇవన్నీ సీ4 మొక్కలు. వీటిలోనూ రుబిస్కో అదే, దాని బలహీనతలూ అవే. కానీ అవి ముందు వేరే ఎంజైమ్‌తో కార్బన్‌ను పట్టి, ఆకు ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి పంపి, అక్కడ రుబిస్కో చుట్టూ కార్బన్ డయాక్సైడ్ కిక్కిరిసేలా చేస్తాయి. ఆక్సిజన్‌కు సందు దొరకదు. పత్రరంధ్రాలు కొంచెమే తెరిచినా సరిపోతుంది, నీళ్లు మిగులుతాయి, రుబిస్కో తక్కువున్నా చాలు కాబట్టి నత్రజనీ మిగులుతుంది. హాచ్, స్లాక్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో చెరుకు మీద పరిశోధన చేసి 1966లో దీన్ని వివరించారు. పాలమూరు మెట్ట భూముల్లో మన పెద్దలు తరతరాలుగా జొన్న, సజ్జ, కొర్రలను నమ్ముకున్నది ఈ శాస్త్రం చదివి కాదు, చేలో చూసి. ఆ ఎంపిక ఎంత సరైనదో ఇప్పుడు ఆకు లోపలి నుంచి కూడా కనిపిస్తోంది. అట్లని బత్తాయి కొట్టేసి జొన్న వేయమని నేను చెప్పను. కాపుకొచ్చిన తోట ఏళ్ల కష్టం, జొన్నకు మార్కెట్‌లో వచ్చే ధర నీకు తెలుసు. పత్తి వేసే చెల్కలో కొంత భాగం వానాకాలం జొన్న, కంది కలిపి వేసి చూడమని అడగొచ్చు. పశువులకు చొప్ప కూడా వస్తుంది.

చదువు విషయంలో నువ్వు అడగకపోయినా ఒక్క సంగతి చెప్తాను, ఎందుకంటే నీ ఉత్తరంలో ఆ ఆసక్తి కనిపించింది. 2019లో అమెరికాలో ఇల్లినాయి పరిశోధకులు పొగాకు మొక్కలో కాంతి శ్వాసక్రియకు దగ్గరి దారి వేసి, పొలంలో మొక్క బరువు 40 శాతం దాకా పెంచారు. వరిని సీ4 మొక్కగా మార్చే ప్రయత్నం పదిహేనేళ్లకు పైగా నడుస్తోంది. వేడికి ఓర్చుకునే యాక్టివేజ్ కోసం వెతుకులాట ఇంకో పక్క. ఇవేవీ మీ తోటకు ఈ ఏడాది రావు. కానీ 44 డిగ్రీల ఎండలో చెట్టు ఎట్లా ముడుచుకుంటుందో చిన్నప్పటి నుంచి చూసిన పిల్ల ఈ పనిలోకి పోతే బాగుంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎమ్మెస్సీలో మొక్కల శరీరధర్మశాస్త్రం తీసుకునే అవకాశం ఉంటే వదులుకోకు.

మీ నాయిన ఈపాటికే సీసా కొనేసి ఉంటే గొడవ పడకు. ఒకే వరసలో, ఒకే వయసున్న ఎనిమిది చెట్లు ఎంచుకోండి. ఒకటి విడిచి ఒకటి చొప్పున నాలుగింటికి ఆ మందు, మిగతా నాలుగింటికి ఉత్త నీళ్లు ఒకే రోజు కొట్టి, రిబ్బన్లు కట్టి గుర్తు పెట్టుకోండి. నీళ్లు, ఎరువులు అన్నింటికీ సమానంగా ఇవ్వండి. కాయ కోసినప్పుడు చెట్టు చెట్టుకూ విడిగా తూకం వేసి నోటుబుక్కులో రాసిపెట్టి, ఆ లెక్క నాకు పంపించు.